కొలతల బదులు ర్యాంకులు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ దెబ్బకొడతాయి?

వనామీగట్టు (భీమవరం)
ఉండి, ఆకివీడు మధ్య పన్నెండు వనామీ రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించామండి. ఆరింటికి ప్రోబయోటిక్ వేశారు, ఆరింటికి వెయ్యలేదు. టీసీబీఎస్ ప్లేటు (విబ్రియో పెంచే ల్యాబు పళ్ళెం) మీద విబ్రియో (రొయ్యలకి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) కాలనీలు, మిల్లీలీటరుకి లెక్క. అసలు షీటు ఇక్కడ పెట్టే వీల్లేదు, అందుకని అదే తీరులో నమూనా అంకెలు:

వేసినవి: 120, 180, 240, 310, 450, 900
వెయ్యనివి: 400, 620, 850, 1400, 2600, 48000

కంటికే తేడా కనిపిస్తోంది. టీ పరీక్ష (రెండు సగటుల తేడా చూసేది) మాత్రం 1.10 ఇచ్చింది, పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం, 0.05 లోపుంటే తేడా ఉందంటారు) 0.30 దగ్గరుంది. ఆ 48000 తీసెయ్యమని ఒకరు, ర్యాంకులు వెయ్యమని ఇంకొకరు. అంత కష్టపడి కొలిచినదాన్ని 1, 2, 3 కింద మార్చేస్తే సమాచారం పోదా? వేస్తే ఎలా వెయ్యాలి, రిపోర్టులో ఏం రాయాలి?

పాతటేబుల్ (అమలాపురం)
48000 తియ్యకండి. పలుచన లెక్క తప్పిందనో, ప్లేటు పాడైందనో ల్యాబు పుస్తకంలో రాసి ఉంటే తియ్యొచ్చు. పెద్దగా ఉండటం ఒక్కటే తీసెయ్యడానికి కారణం కాదు.

టీ ఎందుకు పడిపోయిందో ముందు చూడండి. వెయ్యని చెరువుల సగటు 8978. ఆరింట్లో ఐదు 2600 లోపే ఉన్నాయి, అంటే ఆ సగటు దగ్గర ఒక్క చెరువూ లేదు. ప్రామాణిక విచలనం (అంకెల చెదురు) 19133. పెద్ద అంకె సగటునీ లాగుతుంది, విచలనాన్నీ అదే పాళ్ళలో లాగుతుంది. 48000 బదులు 48 లక్షలు రాసి చూడండి, టీ పెరగదు, 1 వైపు దిగుతుంది. రెండు గుంపుల్లో సంఖ్య సమానంగా ఉండి ఒక్క అంకె హద్దు లేకుండా పెరిగితే టీ చేరేది సరిగ్గా 1 కే. తేడా ఎంత పెరిగినా పరీక్షకి తెలియదన్నమాట.

ఇక ర్యాంకులు. గుంపుల సంగతి మర్చిపోయి పన్నెండూ ఒకే వరసలో చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి. 120కి 1, 180కి 2, అలా 48000కి 12. తర్వాత గుంపులుగా విడదియ్యండి.

వేసినవి: 1, 2, 3, 4, 6, 9. మొత్తం 25.
వెయ్యనివి: 5, 7, 8, 10, 11, 12. మొత్తం 53.

రెండూ కలిపితే 78 రావాలి, అది 12 × 13 ÷ 2. రాకపోతే అక్కడే ఆగి తప్పు వెతుక్కోవాలి. యూ (మాన్-విట్నీ పరీక్ష అంకె) కావాలంటే చిన్న మొత్తంలోంచి 6 × 7 ÷ 2 = 21 తీసెయ్యండి. 25 − 21 = 4. రెండో వైపు 53 − 21 = 32. రెండూ కలిపితే 36, అంటే ఆరు ఆర్ల జతలు. 4 అంటే అర్థం ఇదీ: ఒక్కో వేసిన చెరువుని ఒక్కో వెయ్యని చెరువుతో పోలిస్తే 36 జతల్లో నాలుగింట్లోనే వేసినదానిలో విబ్రియో ఎక్కువుంది.

ఆరూ ఆరుకి టేబుల్లో రెండువైపుల 5 శాతానికి హద్దు 5. మనది 4, హద్దు లోపే ఉంది, అంటే తేడా తేలినట్టే. టేబుల్ లేకపోయినా చేతో తెమల్చొచ్చు. పన్నెండు ర్యాంకుల్లోంచి ఆరు ఏరుకునే దారులు 924. యూ 4 గానీ అంతకన్నా తక్కువ గానీ వచ్చేవి 1 + 1 + 2 + 3 + 5 = 12. రెండువైపులా కలిపి 24 ÷ 924 = 0.026.

ఆర్‌లెక్క (కాకినాడ)
పాతటేబుల్ గారు చెప్పింది సరే గానీ, కాలనీల లెక్క అనగానే ముందు లాగ్ వెయ్యాలి, ర్యాంకు తర్వాతి మాట. బ్యాక్టీరియా రెట్లలో పెరుగుతుంది, కూడికల్లో కాదు. ఇదే డేటాకి పది మూలంగా లాగ్ తీస్తే సగటులు 2.47, 3.26. టీ 2.39. రెండు గుంపుల చెదురు సమానమనుకుంటే హద్దు 2.228, దాటినట్టే. సమానం కాదనుకునే వెల్చ్ పద్ధతిలో స్వేచ్ఛాంకాలు (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్) 10 నుంచి 6.6కి పడిపోతాయి, హద్దు కూడా 2.39 దగ్గరికే వస్తుంది. గట్టు మీద నిలబడింది.

అంటే లాగ్ తీసినా ఆ ఒక్క చెరువు ఇంకా లాగుతూనే ఉంది. ఈ డేటాకి ర్యాంకు తప్పు అనను. కానీ "నార్మల్‌గా (గంట ఆకారంలో) లేదు కాబట్టి నాన్‌పారామెట్రిక్ (ర్యాంకు పరీక్ష)" అని కళ్ళు మూసుకుని రాసేస్తున్నారు చాలామంది, నా అభ్యంతరం దాని మీద. పైగా ఆరు అంకెల మీద నార్మాలిటీ పరీక్ష చేసి, "పీ 0.05 కన్నా ఎక్కువ, కాబట్టి నార్మల్" అనడం ఇంకా ఘోరం. ఆరు అంకెలకి ఆ పరీక్ష దాదాపు దేన్నీ పట్టుకోలేదు. కొలత స్వభావం చూసి పద్ధతి ముందే రాసిపెట్టుకోవాలి, పీ చూశాక ఎంచుకోకూడదు.

పాతటేబుల్
ఒప్పుకున్నాను. ఒక సౌకర్యం మాత్రం చెప్పాలి: మాన్-విట్నీకి లాగ్ తీసినా తియ్యకపోయినా జవాబు ఒకటే, వరస మారదుగా. వర్గమూలం తీసినా అంతే.

మన దగ్గర దీనికి మంచి ఉదాహరణ రొయ్య కౌంటు. కిలోకి ఎన్ని తూగుతాయో అదే కౌంటు, కాబట్టి కౌంటు తగ్గితే రొయ్య పెద్దది. 30 కౌంటు చెరువు, 100 కౌంటు చెరువు ఉన్నాయనుకోండి. కౌంటుల సగటు 65. బరువుల్లో చూస్తే 33.3 గ్రాములు, 10 గ్రాములు, సగటు 21.7 గ్రాములు, అంటే 46 కౌంటు. ఒకే రెండు చెరువులు, ఒకే రొయ్యలు, రెండు సగటులు. టీ పరీక్ష కౌంటు మీద ఒక జవాబు, బరువు మీద ఇంకో జవాబు ఇవ్వగలదు. ర్యాంకులకైతే వరస తిరగబడుతుంది, అంతే. పీ విలువ అలాగే ఉంటుంది.

సమాచారం పోదా అన్నారు. పోతుంది, అనుకున్నంత కాదు. డేటా నిజంగా నార్మల్ అయి, రెండు గుంపులూ పక్కకి జరిగిన ఒకే ఆకారం అయితే, పెద్ద శాంపిళ్ళలో విల్కాక్సన్ (మాన్-విట్నీకే ఇంకో పేరు) సామర్థ్యం టీతో పోలిస్తే 3 ÷ పై, అంటే 0.955. టీకి 95 మడులు చాలే చోట దీనికి వంద కావాలి. ఆకారం ఏదైనా సరే 0.864 కన్నా దిగదని హాడ్జెస్, లేమన్ 1956లో చూపించారు. పైవైపు హద్దు లేదు, పొడుగు తోక ఉన్న డేటాలో టీని ఎన్ని రెట్లయినా మించొచ్చు. ఈ పద్ధతిని 1945లో అచ్చువేసిన ఫ్రాంక్ విల్కాక్సన్ అమెరికన్ సయనమిడ్ కంపెనీలో రసాయన శాస్త్రవేత్త. మాన్, విట్నీ 1947లో దాన్ని విస్తరించారు.

వనామీగట్టు
రెండు సందేహాలండి. కొన్ని ప్లేట్లు "లెక్కకు మించి" అని వచ్చాయి, కొన్నిట్లో "10 కన్నా తక్కువ" అని. ఇంకోటి, ఒక్కో చెరువులో ఐదుచోట్ల నీళ్ళు తీశాం. ఆరు చెరువులు ఐదేసి, అంటే ఒక్కో గుంపుకి 30 అంకెలున్నట్టే కదా?

ఆర్‌లెక్క
రెండోదానికి ముందు: కాదు. ప్రోబయోటిక్ వేసింది చెరువుకి, బాటిల్‌కి కాదు. ఒకే చెరువులో తీసిన ఐదు బాటిళ్ళు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. 30కి 30 పెడితే పీ విలువ బూటకంగా చిన్నదైపోతుంది, ర్యాంకులు ఈ తప్పుని ఏమాత్రం సరిచెయ్యవు. ఐదు బాటిళ్ళకీ మధ్యగతం తీసి చెరువుకి ఒక్క అంకె చెయ్యండి, తర్వాత ఆరుకి ఆరు. రోజూ ఒకే చెరువులో తీసిన కొలతల వరసకీ ఇదే వర్తిస్తుంది. ర్యాంకు తీర్చేది అంకెల మధ్య దూరాల సమస్య ఒక్కటే. స్వతంత్రం కాని కొలతలు ర్యాంకు వేసినా స్వతంత్రం కావు.

పాతటేబుల్
మొదటిదానికి ర్యాంకు చాలా హాయి. "10 కన్నా తక్కువ" వన్నీ ఒకే అడుగు మెట్టు. మూడు ఉంటే 1, 2, 3 ర్యాంకులు పంచుకుని తలా 2. "లెక్కకు మించి" వి అన్నిటికన్నా పైన, ఒకటికన్నా ఎక్కువుంటే అవీ సగటు ర్యాంకు. 10కి సగం 5 రాసినా, సున్నా రాసినా ర్యాంకు ఒకటే, ఆ ఎంపిక మీద జవాబు ఆధారపడదు. సగటు తీసేవాళ్ళకి ఆ సౌకర్యం లేదు.

ఒకచోట మాత్రం కాలు జారుతుంది. పలుచన వేరైతే హద్దులు వేరవుతాయి. ఒక ప్లేటు "10 కన్నా తక్కువ", ఇంకోటి "100 కన్నా తక్కువ" అంటే, మధ్యలో 40 వచ్చిన చెరువు ఆ రెండోదానికి పైనా కిందా? తెలియదు. సులువైన దారి: 100 లోపు వచ్చినవన్నీ, ఆ 40తో సహా, "100 కన్నా తక్కువ" అనే మెట్టు మీదే పెట్టేసి సమాన ర్యాంకు ఇవ్వడం. కొంత నష్టమే గానీ అబద్ధం ఉండదు. పైహద్దుకీ అదే సూత్రం: పది రెట్ల పలుచనలో లెక్కకు మించిందీ, వెయ్యి రెట్ల పలుచనలో లెక్కకు మించిందీ ఒకటి కాదు.

శివారుమడి (పాలకొల్లు)
వరి వైపు నుంచి ఒక ప్రశ్న. బ్యాక్టీరియా ఎండాకు తెగులు స్కోర్లు 0, 1, 3, 5, 7, 9 వేస్తాం. సార్వాలో మూడు రకాలు, నాలుగు రెప్లికేషన్లు. ఒక రెప్లికేషన్ కాలువ తలలో, ఒకటి శివారులో పడింది. స్కోర్ల సగటు తీసి అనోవా (చాలా గుంపుల సగటులు పోల్చే పరీక్ష) చెయ్యడం తప్పంటున్నారు, క్రుస్కాల్-వాలిస్ (దాని ర్యాంకుల రూపం) చెయ్యమంటున్నారు. సరేనా?

మండపేటమేడమ్ (మండపేట)
స్కోర్ల సగటు మీద అభ్యంతరం న్యాయమే. 1 నుంచి 3కి ఉన్న మెట్టూ 7 నుంచి 9కి ఉన్న మెట్టూ తెగులు విస్తీర్ణంలో సమానం కావు, అవి వరస చెప్పే గుర్తులు మాత్రమే. కానీ మీ ప్రయోగానికి క్రుస్కాల్-వాలిస్ సరిపోదు. అది 12 మడులనీ ఒకే వరసలో పేరుస్తుంది. తలమడిలో నీళ్ళు నిలిచి మూడు రకాలకీ తెగులు ఎక్కువైతే, రకాల మధ్య తేడా ఆ గొడవలో కలిసిపోతుంది. రెప్లికేషన్లు ఉన్నప్పుడు ఫ్రీడ్‌మన్ వాడాలి. 1937లో దాన్ని ప్రతిపాదించిన మిల్టన్ ఫ్రీడ్‌మన్, తర్వాత 1976లో ఆర్థికశాస్త్రం నోబెల్ అందుకున్నాయనే.

చేసే తీరు: ఒక్కో రెప్లికేషన్ లోపలే 1, 2, 3 వెయ్యండి. తలమడిని శివారుమడితో పోల్చనే పోల్చరు. తర్వాత రకం వారీగా కూడండి. నాలుగు రెప్లికేషన్లలోనూ ఒకే వరస వస్తే మొత్తాలు 4, 8, 12. వాటి వర్గాలు 16 + 64 + 144 = 224. సూత్రంలో ముందుండే గుణకం 12 ÷ (4 × 3 × 4), అంటే 0.25. 0.25 × 224 = 56. అందులోంచి 3 × 4 × 4 = 48 తీస్తే 8. ఈ కొలతల ప్రయోగానికి అంతకన్నా పెద్దది రాదు.

ఇప్పుడు ఇక్కడ ఆగి చూడండి. కై-వర్గం టేబుల్లో రెండు స్వేచ్ఛాంకాలకి 8 అంటే పీ 0.018. అసలు లెక్క వేరు. ఒక్కో రెప్లికేషన్లో ఆరు వరసలు సాధ్యం, నాలుగూ ఒకే వరసలో పడే అవకాశం 6 ÷ 1296, అంటే 0.0046. నాలుగు రెట్ల తేడా. చిన్న ప్రయోగానికి కై-వర్గం ఉజ్జాయింపు నమ్ముకోకండి, కచ్చితమైన టేబుల్ చూడండి.

ఫ్రీడ్‌మన్ బలహీనత కూడా తెలియాలి. నార్మల్ డేటాలో అనోవాతో పోలిస్తే దాని సామర్థ్యం 0.955ని రకాల సంఖ్యతో గుణించి, ఆ సంఖ్యకి ఒకటి కలిపి భాగిస్తే వచ్చేది. రెండు రకాలకి 0.64, మూడింటికి 0.72, ఐదింటికి 0.80. మూడే మూడు రకాలుండి, కొలత స్కోరు కాక దిగుబడి లాంటిదైతే దీని జోలికి పోకపోవడమే మేలు.

శివారుమడి
స్కోర్లు కదండీ, సమానాలు బోలెడు వస్తాయి. ఇరవైనాలుగు మడుల్లో పది మడులకి 3, ఎనిమిదింటికి 5, ఆరింటికి 7. అలాంటప్పుడు?

మండపేటమేడమ్
సమానమైనవాటికి సగటు ర్యాంకు. పది మూడులూ 1 నుంచి 10 పంచుకుని తలా 5.5. ఎనిమిది ఐదులూ 11 నుంచి 18, తలా 14.5. ఆరు ఏడులూ తలా 21.5. రెప్లికేషన్లు లేని మూడు రకాల ప్రయోగమైతే క్రుస్కాల్-వాలిస్ విలువని దిద్దాలి. ఒక్కో సమాన గుంపు ఘనంలోంచి ఆ సంఖ్య తియ్యండి: 990, 504, 210, మొత్తం 1704. ఇరవైనాలుగు ఘనంలోంచి 24 తీస్తే 13800. 1 − 1704 ÷ 13800 = 0.8765. దిద్దని విలువ 5.40 వచ్చిందనుకోండి, హద్దు 5.99, తేడా లేదని రాసేస్తారు. 5.40ని 0.8765తో భాగిస్తే 6.16, హద్దు దాటింది. చేతో లెక్కవేసేవాళ్ళు ఎక్కువగా వదిలేసే మెట్టు ఇదే.

ఆర్‌లెక్క
చేతో మానేసి ఎక్సెల్లో చేసేవాళ్ళకి మూడు గోతులు. ర్యాంక్ ఈక్యూ ఫంక్షన్ సమానాలకి సగటు ఇవ్వదు, అన్నిటికీ పై ర్యాంకే ఇస్తుంది. ర్యాంక్ ఏవీజీ వాడాలి. అది కూడా మూడో చోట ఏమీ రాయకపోతే పెద్దదానికి 1 ఇస్తుంది, చిన్నదానికి 1 కావాలంటే అక్కడ 1 రాయాలి. రేంజ్‌కి డాలర్ గుర్తులు పెట్టకపోతే కిందికి లాగినకొద్దీ రేంజ్ జారిపోతుంది. ర్యాంకుల మొత్తం సరిచూస్తే ఒకటీ మూడూ బయటపడతాయి. రెండోది మాత్రం బయటపడదు, వరస తిరగబడినా మొత్తం అదే కదా.

ఆర్ సాఫ్ట్‌వేర్‌లో విల్కాక్స్ టెస్ట్ ఇచ్చే డబ్ల్యూ అన్నది ర్యాంకుల మొత్తం కాదు, మొదటి గుంపు యూ. వనామీగట్టు గారి డేటాకి 25 కాదు, 4 వస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్‌తో పోల్చి "తేడా వచ్చింది" అని కంగారుపడొద్దు. సమానాలుంటే కచ్చితమైన పీ ఇవ్వలేనని హెచ్చరిక ఇచ్చి ఉజ్జాయింపుకి దిగుతుంది. ఆ హెచ్చరికని దాటేసి పోకుండా, కాయిన్ ప్యాకేజీలో ఎగ్జాక్ట్ అని అడగండి.

కొబ్బరిలంక (రాజోలు)
తోటల్లో మూడు చెట్లకి మందు, మూడింటికి లేదు. కాయల లెక్కలో మందు వేసిన మూడూ వెయ్యని మూడింటికన్నా పైనే ఉన్నాయి, ఒక్కటీ కలవలేదు. అయినా పీ 0.10 అంటోంది. సాఫ్ట్‌వేర్ తప్పా?

పాతటేబుల్
కాదు. ఆరింట్లోంచి మూడు ఏరే దారులు 20. ఇంతకన్నా గట్టి ఫలితం ఉండదు, దాని పీయే 2 ÷ 20 = 0.10. మూడుకి మూడు పెట్టి మాన్-విట్నీ చేస్తే పీ 0.05 కన్నా కిందికి రావడం ఎప్పటికీ జరగదు. మూడుకి నాలుగైతే 0.057, అప్పుడూ కుదరదు. మూడుకి ఐదైతే 0.036, నాలుగుకి నాలుగైతే 0.029. జతలుగా చేసే విల్కాక్సన్‌లో ఐదు జతలకి కనిష్ఠం 0.0625, ఆరుకి 0.031. చెట్లకి గుర్తు వెయ్యకముందే ఈ లెక్క చూసుకోవాలి.

కొబ్బరిలంక
అయితే జతలుగా చేస్తాను. అదే చెట్టు, మందుకి ముందు, తర్వాత, నల్లి మచ్చ గ్రేడు. ఎనిమిది చెట్లు.

మండపేటమేడమ్
గ్రేడ్లకి జతల విల్కాక్సన్ వద్దు. అది ముందు తేడా తీసి, ఆ తేడాల సైజుకి ర్యాంకు వేస్తుంది. గ్రేడు 4 నుంచి 2కి దిగడం, 3 నుంచి 1కి దిగడం సమానమని ఒప్పుకున్నట్టే అవుతుంది, అది మనకి తెలియదు. తగ్గిందా పెరిగిందా అని మాత్రమే చూసే గుర్తుల పరీక్ష చెయ్యండి. ఎనిమిదింట్లో ఎనిమిదీ తగ్గితే పీ 2 ÷ 256, 0.008. ఏడు తగ్గి ఒకటి పెరిగితే 18 ÷ 256, 0.07. మారని చెట్లని లెక్కలోంచి తీసేస్తారు, ఎన్ని తీశారో రాయాలి.

ఇందాక లాగ్ తీసినా జవాబు మారదన్నారే, అది జతల విల్కాక్సన్‌కి చెల్లదు. 10 నుంచి 20కి పెరిగిన జత, 100 నుంచి 90కి తగ్గిన జత: తేడాల్లో రెండూ పదే, సమాన ర్యాంకు. లాగ్‌లో మొదటిది రెండు రెట్లు, రెండోది పదోవంతు తగ్గుదల. ర్యాంకులు మారిపోతాయి. ఇంకోటి, ముందూ తర్వాతా మధ్యలో వానలు పడితే మందు వల్లా వాన వల్లా అన్నది ఏ పరీక్షా చెప్పదు. మందు వెయ్యని చెట్లు కూడా ఉండాల్సిందే.

శివారుమడి
రెండు రకాలు, మూడు నత్రజని మోతాదులు, దుబ్బుకి సుడిదోమ లెక్క. అన్నిటికీ కలిపి ర్యాంకులు వేసి, ఆ ర్యాంకుల మీద మామూలు రెండు కారకాల అనోవా చెయ్యొచ్చని ఒకచోట చదివాను.

ఆర్‌లెక్క
కనోవర్, ఇమాన్ 1981లో చెప్పిన మాట అది. ఒకే కారకానికి పనిచేస్తుంది. రెండు కారకాల పరస్పర ప్రభావం (ఒకదాని ప్రభావం రెండోదాన్ని బట్టి మారడం) దగ్గర మోసం చేస్తుంది. చూడండి:

ఒక రకం: 10, 20, 60
రెండో రకం: 25, 35, 75

ప్రతి మోతాదు దగ్గరా తేడా 15. పరస్పర ప్రభావం ఏమీ లేదు. ర్యాంకులు వెయ్యండి:

ఒక రకం: 1, 2, 5
రెండో రకం: 3, 4, 6

తేడాలు 2, 2, 1. లేని పరస్పర ప్రభావం ర్యాంకుల్లో పుట్టింది. మడులు ఎక్కువై, రెండు కారకాలూ గట్టిగా పనిచేసేకొద్దీ ఈ లేని ప్రభావానికి "ముఖ్యమైన తేడా" ముద్ర పడే అవకాశం పెరుగుతుంది. వేరే ప్రభావాలని ముందు అంకెల్లోంచి తీసేసి, మిగిలినదానికి ర్యాంకు వేసే అలైన్డ్ ర్యాంకు పద్ధతి ఉంది, కానీ దాన్ని సమానాలు బాగా ఇబ్బంది పెడతాయి. పురుగుల లెక్కకైతే నెగెటివ్ బైనామియల్ మోడల్ (చెదురు ఎక్కువున్న లెక్కలకి సరిపడేది) వెయ్యండి. ఇక్కడ ర్యాంకుల కోసం పట్టుబట్టడంలో అర్థం లేదు.

మండపేటమేడమ్
మాన్-విట్నీ గురించి ఇంకో అపోహ కూడా తీరిపోవాలి. అది మధ్యగతాల పరీక్ష అని రాస్తుంటారు. రెండు గుంపుల ఆకారం ఒకటైతేనే ఆ మాట నిజం. అసలు అది అడిగేది ఒక్కటే: ఒక గుంపులోంచి ఒకటి, రెండోదాంట్లోంచి ఒకటి తీస్తే ఏది పైన ఉంటుంది? ఈ ప్రశ్నకి జవాబు ఎలా మెలికపడుతుందో చూడండి. మూడు రకాలు, మూడేసి అంకెలు:

క: 2, 4, 9
ఖ: 1, 6, 8
గ: 3, 5, 7

తొమ్మిది జతల్లో ఐదింట్లో క, ఖ మీద గెలుస్తుంది. ఐదింట్లో ఖ, గ మీద గెలుస్తుంది. ఐదింట్లో గ, క మీద గెలుస్తుంది. మూడింటి సగటూ 5. అందుకే రెండు గుంపులు దాటితే రెండేసి చొప్పున విడివిడిగా ర్యాంకులు వెయ్యకుండా, అన్నిటికీ కలిపి ఒకసారి వేసిన ర్యాంకుల మీద డన్ పరీక్ష (గుంపులని జతలుగా పోల్చేది), దానికి హోమ్ దిద్దుబాటు (చాలా పోలికలు చేసినందుకు పీ పెంచేది) చేస్తారు. గుంపుల చెదురు బాగా వేరుగా ఉండి సంఖ్యలు కూడా వేరైతే బ్రున్నర్-ముంజెల్ పరీక్ష నయం. గుంపుకి పది లోపుంటే దాని పర్మ్యుటేషన్ రూపం (అంకెలని గుంపుల మధ్య మార్చి మార్చి లెక్కించేది) వాడాలి.

కొబ్బరిలంక
బోరు నీళ్ళలో ఉప్పు ఏటేటా పెరుగుతోందా అని చూడటానికి కూడా ర్యాంకులేనా?

పాతటేబుల్
మాన్-కెండాల్. తర్వాతి ఏడాది అంకె ముందుదానికన్నా పైనా కిందా అని ప్రతి జతనీ చూస్తుంది. ఏటికి ఎంత అన్నది కావాలంటే సెన్ వాలు: ప్రతి జతకీ వాలు తీసి వాటి మధ్యగతం. నాలుగేళ్ళ డేటా అయితే వరసగా పెరిగినా పీ 2 ÷ 24 = 0.083, ఏమీ తేలదు. ఐదేళ్ళకి 0.017. నెలనెలా కొలతలుంటే అన్నీ ఒకే వరసలో పొయ్యకండి. కాలువలు కట్టేసిన మే నెలనీ గోదావరి వరదలో ఉన్న ఆగస్టునీ పోల్చి లాభం లేదు. మేని మేతో, ఆగస్టుని ఆగస్టుతో పోల్చి కలిపే సీజనల్ కెండాల్ ఉంది.

వనామీగట్టు
నా డేటాకి ఏం రాయాలో చెప్పండి. పీ ఒక్కటే రాస్తే చాలదంటున్నారు.

పాతటేబుల్
చాలదు. ముందు యూ 4, ఆరుకి ఆరు, కచ్చితమైన రెండువైపుల పీ 0.026. "కచ్చితమైన" అన్న మాట ఉండాలి. తర్వాత 32 ÷ 36 = 0.89, అంటే వెయ్యని చెరువులో లెక్క ఎక్కువుండే పాలు. ఇది రైతుకి కూడా అర్థమయ్యే అంకె.

ఎంత తేడా అన్నదానికి హాడ్జెస్-లేమన్ అంచనా. 36 జతలకీ తేడాలు తీసి వరస పెట్టండి, 18వది 670, 19వది 730, మధ్యలో 700. హద్దులకి (అసలు తేడా ఉండే అవధికి) కింద నుంచి ఆరోది, పై నుంచి ఆరోది: 160, 47100. పై హద్దు చూశారా? పరీక్షలో నోరు మూసుకున్న ఆ 48000 ఇక్కడ మాట్లాడింది. కాలనీలకి రెట్లే సహజం కాబట్టి తేడాల బదులు నిష్పత్తులు తియ్యండి: 18వది 3.54, 19వది 4.52, లాగ్ మీద మధ్య విలువ 4 రెట్లు. హద్దులు 1.4 నుంచి 53 రెట్లు. ఆరుకి ఆరులో ఈ హద్దుల నమ్మకం 95 కాదు, 95.9 శాతం. మెట్లు మెట్లుగానే దొరుకుతుంది, సరిగ్గా 95 కుదరదు.

ఆర్‌లెక్క
హద్దు 53 రెట్లని దాచకండి. ఆరు చెరువులతో తెలిసింది అంతే. అన్ని చెరువుల అంకెలూ చుక్కలుగా, లాగ్ స్కేలు మీద గీసి పక్కనే పెట్టండి, సగటు కడ్డీల బొమ్మ వద్దు.

పంట లెక్క వేరు సంగతి. విబ్రియోకి ర్యాంకు పెట్టారు కదా అని ఎకరాకి వచ్చిన టన్నులకి కూడా అదే పెట్టొద్దు. రైతుకి మొత్తం కిలోల డబ్బు వస్తుంది, మొత్తం అంటే సగటే. ప్రోబయోటిక్ ఖర్చు గిట్టిందా అన్నది సగటుల ప్రశ్న. పదింట్లో తొమ్మిది చెరువులు కొంచెం లాభపడి ఒకటి మొత్తం పోయినా ర్యాంకు "మేలు" అనే అంటుంది. అక్కడ సగటు తేడాకి బూట్‌స్ట్రాప్ (ఉన్న అంకెల్లోంచే మళ్ళీ మళ్ళీ ఏరి లెక్కించే) హద్దులో, పర్మ్యుటేషన్ పరీక్షో చెయ్యండి. చెరువులు తక్కువైతే బూట్‌స్ట్రాప్ హద్దులు ఇరుకుగా వస్తాయి, అదీ గుర్తుంచుకోండి.

వనామీగట్టు
ల్యాబు షీటు ఎక్సెల్లోకి అతికిస్తే 1400 ఉన్న గడికి ర్యాంక్ ఏవీజీ తప్పు చూపిస్తోంది. మిగతావి బానే ఉన్నాయి.

ఆర్‌లెక్క
అది అంకెగా కాదు, అక్షరాలుగా పడింది. గడిలో ఎడమవైపు ఆనుకుని ఉందా చూడండి, ముందో వెనకో ఖాళీ ఉండుంటుంది. వ్యాల్యూ ఫంక్షన్‌తో మార్చండి, తప్పితే మళ్ళీ టైపు చెయ్యండి. "లెక్కకు మించి" అని రాసిన గళ్ళకీ ఇదే గొడవ, వాటిని ర్యాంక్ ఫంక్షన్ అసలు లెక్కలోకే తీసుకోదు. పక్కన వేరే నిలువు వరస పెట్టి అక్కడ 9999999 లాంటి పెద్ద అంకె రాసి, ర్యాంకు ఆ వరస మీద వెయ్యండి. ఆ వరస మీద సగటు మాత్రం ఎవరూ తియ్యకుండా పైన ఎర్రరంగుతో "ర్యాంకుకి మాత్రమే" అని రాసిపెట్టండి.